అంచు కాగితాల పంతులమ్మ

పంతులమ్మ పోయిందని నాకు బస్సు కండక్టరు చెప్పాడు. మంగళవారం పొద్దున ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన, నా పనిచోట, సగం తొలిచిన రోలు ముందు కూర్చుని ఉన్నాను. నంద్యాల నుంచి వచ్చిన బస్సు ఆగింది. కండక్టరు మెట్టు మీద నుంచే కేక వేశాడు.

"అప్పా, ఆసుపత్రి కాడుండే మీ పంతులమ్మ పోయిందంట. సాయంత్రం మట్టి చేస్తారంట. పోతే బేగా పో."

ఆ మాట చెప్పి వాడు బస్సుతో పాటు వెళ్ళిపోయాడు. నా చేతిలో సుత్తి లేచింది లేచినట్టే ఉండిపోయింది.

దానికి ముందురోజే మా పాపకు టీచరు ట్రైనింగులో సీటు ఇచ్చామని కార్డు వచ్చింది. చదివేవాళ్ళు నవ్వుకున్నా సరే, చెబుతాను. అరవై ఏండ్ల మనిషిని, ఆ కార్డు చేత పట్టుకుని బజారంతా తిరిగాను. కాఫీ హోటలు ఆయనకు చూపించాను, టైలరుకు చూపించాను, దారిన పోయే జట్కా అతన్ని ఆపి చూపించాను. అతనికి చదువు రాదు. అయినా కార్డును అటూ ఇటూ తిప్పి "శానా బాగుండాదన్నా" అన్నాడు. మర్నాడు నంద్యాల పోయి పంతులమ్మకు చూపించాలని జేబులో పెట్టుకున్నాను. ఆమె చూడాల్సిన కార్డు అది. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా నా జేబులోనే ఉంది.

నేను ఐదో తరగతి దాకా చదివిన రాతిపనివాణ్ణి. రోళ్ళు, పొత్రాలు, గడపరాళ్ళు చేస్తాను. అక్షరాలు చెక్కే పని కూడా వస్తుంది కనుక మైలురాళ్ళు, సమాధిరాళ్ళు నా దగ్గరికే వస్తాయి. ఇట్లా కాగితం మీద నలుగురి కోసం రాయడం అలవాటు లేదు. కానీ నా చేత మొదట కాగితం మీద రాయించింది ఆమే. అందుకని ఆమె గురించి నేను రాయకపోతే తప్పు.

కర్నూలుకు రాజధాని వచ్చిన యేడు, చలి మొదలయ్యే కాలం. మా పాపకు తొమ్మిదేండ్లు. పెండ్లయిన ఇరవై ఏండ్లకు, ఇక పుట్టరని అందరూ అనుకున్నాక పుట్టిన ఒక్క బిడ్డ. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి ఆడక, కోడిపిల్లలా గురగురమంటోంది. పత్తి లారీ ఆపి, కాళ్ళు పట్టుకుని, నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. కంఠసర్పి అన్నారు. సూదిమందు వేసి, బిడ్డను అంటురోగాల వార్డులోకి తీసుకుపోయి తలుపు మూశారు. తల్లీ తండ్రీ లోపలికి రాకూడదు. కిటికీలకు కూడా కింది సగం సున్నం పూశారు.

ఆసుపత్రి వెనక రోగుల బంధువులు వండుకునే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. మేమంతా అందులో పడి ఉండేవాళ్ళం. పొయ్యి రాజేయడం, ఆ తలుపు వైపు చూడడం. అన్నం ఉడికినా తినేవాళ్ళు లేరు. ఎవరూ ఎవరితో మాట్లాడేవాళ్ళు కాదు. మనిషి చేతికి పని లేకపోతే ఏమవుతుందో నాకు అక్కడ తెలిసింది. నేను గోడకున్న రాతిని గోటితో గీరుతూ కూర్చునేవాణ్ణి.

రెండో రోజు సాయంత్రం నాలుగింటికి పంతులమ్మ వచ్చింది. మిషన్ బడిలో ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పి మానుకున్న మనిషి. తెల్ల చీర, ఒక పక్క కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్న కళ్ళద్దాలు, చంకలో పాత పత్రికల కట్ట. ఎవరినీ పలకరించకుండా పీట వేసుకుని కూర్చుని, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. బడిపిల్లలకు చదివే గొంతు అది, షెడ్డు చివర ఉన్నవాళ్ళకు కూడా వినపడేది. ఒక షావుకారు, అతని పెండ్లాము కథ. మంచి చోటికి రాగానే ఆపేసింది.

"తర్వాతేమాయ?" అన్నాడు ఒకాయన.

"ఆ పేజీ చినిగిపోయినాది నాయనా. మీరే చెప్పండి, ఏం కావాల?"

గోస్పాడు నుంచి వచ్చిన ఒకామె, మేం వచ్చినప్పటి నుంచి నోరు విప్పనిది, పొయ్యి దగ్గర నుంచి లేచింది. "వాడు సావాలమ్మా! పెండ్లాన్ని ఎండలో నిలబెట్టినోడు బతికితే నేనొప్పుకోను."

"వాడు సస్తే దానికి కూడెవురు పెడతారు?" అన్నాడు ఆమె మొగుడు.

"ఇప్పుడు నువ్వు పెడ్తాండావా? వండేది నేను గదా!"

షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్విన వెంటనే ఏదో పాపం చేసినట్టు తలుపు వైపు చూశాను. నాలాగే అందరూ చూశారు. పంతులమ్మ అది గమనించి, "రేపు మీరు చెప్పింది రాసుకొని వస్తా. రేపనేది ఒకటుండాల గదా" అని లేచింది.

ఆమె దాహం అడిగితే మా ఆవిడ కుండను పక్కకు జరిపింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ జరిగింది. పంతులమ్మ చూసింది. నాకు ఒక కాగితం ముక్క, పెన్సిలు ఇచ్చింది. నేను చేయి చాపడానికి ఒక్క క్షణం ఆగాను. "తీసుకో అప్పా, అక్షరాలకు మైలంటదులే" అని నవ్వింది.

ఆ కాగితం పేపరు అంచు. పాత దినపత్రికల చుట్టూ అచ్చు లేకుండా ఉండే తెల్లటి అంచును బ్లేడుతో కోసి తెచ్చేది. జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు. లోపల ఉన్న బిడ్డకు రోజూ ఒక చీటీ రాయాలి. నర్సమ్మ పొద్దుమునిగే ముందు మంచాల దగ్గరికి పోయి చదివి వినిపిస్తుంది. రాయడం రానివాళ్ళు చెబితే, వచ్చినవాళ్ళు రాసి పెట్టాలి. లోపలికి పోయిన కాగితం మళ్ళీ బయటికి రాదు, అంటురోగం కదా. మర్నాడు పొద్దున వార్డు వెనక నీళ్ళు కాగబెట్టే పొయ్యిలో వేసేవాళ్ళు. ఆ పొగ చూస్తూ, అందులో నా అక్షరాలు ఏవో అనుకునేవాణ్ణి.

నేను మొదటి చీటీ రాశాను. "మందు తాగుము. ధైర్యముగా ఉండుము. ఏడవకుము." పంతులమ్మ చదివి కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"ఏందప్పా ఇది? బిడ్డకు చీటీ రాస్తాండావా, మైలురాయి చెక్కుతాండావా? ధైర్యం చెప్పొద్దు, సంగతి చెప్పు. ఇంటికాడ ఏం జరిగిందో చెప్పు."

నాకు చేతకాలేదు. రాతి మీద రాసేవాడికి తక్కువ మాటలే వస్తాయి, అవి కూడా ఆజ్ఞల్లాగా వస్తాయి. రోజూ అవే రాశాను. నర్సమ్మ బయటికి వచ్చి, "మీ పాప కండ్లు తెరవడంలేదప్పా, గొంతులో పాలు దిగడంలేదు" అని చెప్పేది.

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని షెడ్డులో సగం మంది చీటీలు నా చేతే రాయించుకునేవాళ్ళు. వాళ్ళలో దొర్నిపాడాయన ఒకడు. నాకంటే పదిహేనేండ్లు చిన్నవాడు, సేద్యగాడు. అతని కొడుకు మా పాప పక్క మంచంలోనే ఉన్నాడు. అతను చెబుతుంటే నాకు అసూయగా ఉండేది. అంత తేలికగా చెప్పేవాడు.

ఒకరోజు పొద్దున ఊరి బండిలో అతనికి ఏదో కబురు వచ్చింది. ఎగురుకుంటూ నా దగ్గరికి వచ్చి, చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు. ఆ చీటీ నా చేత్తో రాసింది గనుక నాకు కొంత గుర్తుంది. ఎవరికి మొత్తం గుర్తుందో తర్వాత చెబుతాను.

"అబ్బీ, మన ఆవు ఈనింది. పెయ్యదూడ. ఎడమ ముందరి కాలు మోకాలి దాకా తెలుపు, పాలల్లో కాలు పెట్టి వచ్చినట్టుండాది. లేసి నిలబడేదానికి మూడు తూర్లు పడింది. నాలుగోతూరి నిలబడి మీయమ్మను పొడిసింది. జున్ను నేను తెస్తా, అంతా నీకే. దూడకు పేరు ఎవురూ పెట్టగూడదని చెప్పినా. నువ్వొచ్చి పెట్టాల. అంతదాంక ఊరికే ఏయ్ అంటాం."

అంచు చాలక రెండు ముక్కలు పట్టింది. అతను అదే బండిలో జున్ను తేవడానికి దొర్నిపాడు పోయాడు.

ఆ మధ్యాహ్నం పిల్లవాడు పోయాడు.

మాకు తెలియదు. సాయంత్రం నర్సమ్మ వార్డు తలుపు దగ్గరికి పంతులమ్మను పిలిచి ఏదో మాట్లాడింది, అంతే చూశాను. కాసేపటికి అదే నర్సమ్మ పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "అప్పా, మీ పాప కండ్లు తెరిచింది! మాట్లాడింది! రెండు చెంచాల పాలు మింగింది!" నేను, నా పెండ్లాము ఆ రేకుల షెడ్డులో గంతులేశాం. పక్కనున్న గోస్పాడామెను పట్టుకుని ఏడ్చాం. పంతులమ్మ ఒక్కతే పీట మీద కదలకుండా కూర్చుని ఉంది. ఆ రోజు ఆమె చదవలేదు.

మర్నాడు పొద్దున దొర్నిపాడాయన వచ్చాడు. చేతిలో సత్తుగిన్నె, దాని మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. అప్పటికి మాకు తెలిసింది. అతను నవ్వుతూ గేటు దగ్గర నుంచే "అన్నా, చీటీ ఇన్నాడంటనా?" అని అడిగాడు. నేను పొయ్యిలో పుల్ల ఎగదోస్తున్నట్టు తల వంచుకున్నాను. పంతులమ్మ లేచి ఎదురుపోయి, ముందుగా ఆ గిన్నె అతని చేతిలో నుంచి తీసుకుంది. తర్వాత చెప్పింది. ఆ గిన్నె అట్లే రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు నిలబడి ఉంది.

ఇంకో పదిరోజులకు మా పాపను ఇచ్చారు. ఆ రోజు పంతులమ్మ నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పింది. పిల్లవాడు పోయాక చీటీ నర్సమ్మ చేతిలో ఉండిపోయింది. వెనక్కి ఇవ్వకూడదు. ఏం చేయమంటావని నర్సమ్మ అడిగితే, "ఒక తండ్రి బిడ్డకు చెప్పిన మాట. ఏ బిడ్డయినా ఇనాల. చదువు" అందట. అబ్బీ అన్న ఒక్క మాట తీసేసి పక్క మంచం దగ్గర చదివారు. మా పాప కళ్ళు తెరిచి, "దూడకు పేరు పెట్టినారా?" అంది. అదే ఆమె మొదటి మాట.

"ఈ సంగతి నీకాడ పెట్టుకునేది కాదప్పా. ఆయన చీటీ ఒక బిడ్డ ఇనిందని ఆయనకు చేర్చు. నేను చెబితే ఓదార్పవుతాది. నువ్వు చెప్పాల."

చెబుతానన్నాను.

ఇంటికి రాగానే మా పాప గడప దాటి నేరుగా పెరట్లోకి పోయింది. "నాయనా, దూడ యాడ?" అంది. మాకు ఆవే లేదు. అమ్మేశామన్నాను. ఎవరికి అమ్మారని మూడు రోజులు ఏడ్చింది. ఇంట్లో లేని దూడను అమ్మిన మనిషిని నేను.

రెండు నెలలకు ఒక పొత్రం ఇవ్వడానికి దొర్నిపాడు పోవలసి వచ్చింది. ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. ఊరి మొదట్లోనే అతను కనపడ్డాడు. గడ్డివాము దగ్గర అటు తిరిగి ఉన్నాడు. అతని వెనక ఒక దూడ, ఎడమ ముందరి కాలు మోకాలి దాకా తెలుపు. నేను రాసిన అక్షరాలు లేచి నడుస్తున్నట్టు ఉంది. నీ బిడ్డ పోయాడు, నీ మాటలతో నా బిడ్డ బతికింది అని ఏ నోటితో చెప్పేది? పొత్రం వేరేవాళ్ళతో పంపించి వెనక్కి వచ్చేశాను.

నెలకోసారి రాళ్ళ పని మీద నంద్యాల పోయేవాణ్ణి. పోయినప్పుడల్లా పంతులమ్మ ఇంటికి పోయేవాణ్ణి. పాపను చూసి ఆమె పొంగిపోయేది, పాత పత్రికలు ఇచ్చేది, ఎక్కాలు అడిగేది. మా ఆవిడ ఒకసారి మజ్జిగ తీసుకుపోయి, ఆ ఇంట్లో తానే నీళ్ళు అడిగి తాగింది. అన్నీ అయ్యాక, నేను చెప్పులు వేసుకుంటుంటే పంతులమ్మ ఒకటే అడిగేది.

"చేరిందా?"

"లేదమ్మా."

సరే అన్నట్టు తల ఊపేది. కోపం లేదు, సలహా లేదు. ఏడేండ్లు. అదే మాట. నేను రాయి కొడుతుంటే సుత్తి శబ్దంలో ఆ మాట వినపడేది. పాప పరీక్ష పాసయిన రోజు వినపడింది. కార్డు వచ్చిన రోజు, అంత సంతోషంలో, కాఫీ హోటలు ముందర నిలబడి నవ్వుతున్నప్పుడు కూడా. పోయిన నెల పోయినప్పుడు ఆమె మంచం మీద ఉంది. చెప్పులు వేసుకుంటూ ఎదురుచూశాను. ఆమె అడగలేదు. వేసుకున్న చెప్పులు విప్పి మళ్ళీ వేసుకున్నాను.

మంగళవారం పాపను తీసుకుని తర్వాతి బస్సు ఎక్కాను. సగం దారిలో, పక్క సీటులో కూర్చున్న బిడ్డ ముఖం చూడకుండా చెప్పేశాను. "అమ్మా, ఆ దూడ మనది కాదు."

"నాకు తెలుసులే నాయనా."

"ఎట్లా తెలుసు?"

"నువ్వెప్పుడన్నా అట్లా మాట్లాడినావా? మందు తాగుము అంటావు, సదువుము అంటావు." నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది. "ఎవురిది?"

చెప్పాను. మిగిలిన దారంతా ఆమె కిటికీ వైపు తిరిగి, ఆ చీటీ మాటలు తనలో తాను చెప్పుకుంది.

సమాధుల దొడ్డిలో చాలామంది ఉన్నారు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు, ఆ షెడ్డులో మాతో కూర్చున్నవాళ్ళు. గోస్పాడామె నన్ను గుర్తుపట్టి ఏడ్చింది. గోడ వారగా, తలపాగా తీసి చేతిలో పట్టుకుని దొర్నిపాడాయన నిలబడి ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఇప్పుడు చూస్తే నాకంటే పెద్దవాడిలా ఉన్నాడు.

మట్టి వేశాక పోయి అతని ముందు నిలబడ్డాను. చివరికి ఇట్లా అన్నాను. "తమ్ముడా, నీ చీటీ మా పాప ఇనింది. మీ అబ్బికి అందలేదు. మా పాపకు చదివినారు. అప్పుడే కండ్లు తెరిచింది."

అతను నన్ను చూడలేదు. మా పాపను చూశాడు. కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏముండాదమ్మా ఆ చీటీలో? నేను మర్సిపోయినా. ఏం జెప్పినానో ఎంత గుర్తు తెచ్చుకున్నా రాదు."

మా పాప చేతులు కట్టుకుంది, బళ్ళో పాఠం అప్పగించేటప్పుడు కట్టుకున్నట్టు. మన ఆవు ఈనింది అని మొదలుపెట్టి, ఒక్క మాట జారకుండా చెప్పింది. పాలల్లో కాలు పెట్టి వచ్చినట్టుండాదని, మూడు తూర్లు పడిందని, జున్ను అంతా నీకేనని. కాలిపోయిన కాగితం ఆ బిడ్డ నోట్లో నుంచి వస్తోంది.

"ఇంగోసారి చెప్పమ్మా."

చెప్పింది.

"ఇంగోసారి."

మూడోసారి చెబుతుంటే అతను కూడా పెదవులు కదుపుతూ ఆమెతో కలిపి చెప్పాడు. అయ్యాక మా పాప అడిగింది. "మామా, దూడకు పేరు పెట్టినారా?"

"యాడ పెట్టినాం తల్లీ. వాడు పెట్టాలని జెప్తిమి గదా. మూడీతలాయ దానికి. ఏయ్ అంటే వస్తాది." తలపాగా చుట్టుకోబోయి ఆగాడు. "నువ్వు పెట్టమ్మా. ఇనిందానివి నువ్వే గదా."

"వద్దు మామా. అది ఆ అబ్బిది."

అతను అవును అన్నట్టు తల ఊపాడు. పంతులమ్మ ఊపినట్టే. అప్పుడు నేను వెనక్కి తిరిగి, తడి మట్టి దగ్గరికి పోయి చెప్పాను. చేరిందమ్మా. కొంచెం ఆలస్యమైంది, కానీ చేరింది. జేబులో కార్డు ఉందని కూడా చెప్పాను.

ఆదివారం అతను పిలిస్తే దొర్నిపాడు పోయాం. ఆవు కొట్టం ముందర ఉంది. మా పాప కింద కూర్చుని, ఆ తెల్లటి కాలు మీద చేయి వేసి, చాలాసేపు అట్లే ఉండిపోయింది. ఆ ఇంటావిడ మాకు జొన్నరొట్టెలు పెట్టింది. ఎవరం ఏడవలేదు.

పొద్దు వాలుతుండగా బండి ఎక్కాం. మా వెనక అతను ఆవును ఇంటికి పిలిచాడు. "ఏయ్" అని అక్కడితో ఆపాడు. సమాధిరాయి చేసేటప్పుడు, పేరు ఇంకా చెప్పకపోతే, మేము మిగతా పూలూ తీగలూ చెక్కి పేరుకు జాగా వదిలిపెడతాం. ఆ పిలుపు తర్వాత అంత జాగా ఉంది. ఆవు తలెత్తి, ఆ జాగాలో ఏదో వినపడినట్టు ఒక్క క్షణం ఆగి, తెల్లకాలు ముందు వేసి లోపలికి పోయింది.